పేరుపెట్టి పిలువవలసిన పండుగ

డిసెంబరు చివర క్రిస్మస్ శుభాకాంక్షలని బాహాటముగ పలుకరాదనియు, అన్యమతస్థుల మనస్సు నొవ్వకుండ 'పండుగ శుభాకాంక్షలు' అనియో 'సెలవుల శుభాకాంక్షలు' అనియో చెప్పుటయే సంస్కారమనియు ఒక అభిప్రాయము, హైదరాబాదులోను అమెరికాలోను ఉద్యోగములు చేయుచు సెలవులకు ఇల్లు చేరు మన యువకులతో బందరు, గుడివాడలకును వచ్చినది. వారి సదుద్దేశమును నేను శంకింపను. కాని ఈ మర్యాద మన సీమకు తగదని నా దృఢవిశ్వాసము.

నేను క్రైస్తవుడను గాను. దివిసీమలో పుట్టి పెరిగినవాడను. వరికోతలు ముగిసి కుప్పలు పడు వేళ, మా ఊరి పేటలో వెదురుబద్దలు చీల్చి, అయిదు మొనలుగ కట్టి, ఎఱ్ఱకాగితము అంటించి, లోపల దీపముంచి, పొడుగాటి సరుగుడు వాసమునకు కట్టి నిలుపు నక్షత్రము, కాలువగట్టు మీదినుండి చూచిన చీకటి పొలముల కావల కానవచ్చెడిది. పండుగ మఱునాడు మా పొలమున పనిచేయు ఇల్లాలు పళ్ళెముపై గుడ్డ కప్పి తెచ్చి, "క్రిస్మస్ అరిసెలండీ, అమ్మగారూ" అనెడిది. "మీ క్రిస్మస్ బాగా జరిగిందా, అమ్మాయ్?" అని మా యమ్మ అడిగెడిది. ఊరికిని పేటకును నడుమ నాడుండిన దూరము చిన్నది కాదు. ఆ దూరమును దాటి వచ్చిన మాట ఆ పండుగ పేరొక్కటియే.

బందరున 1611లోనే ఇంగ్లీషువారి వర్తకస్థానము వెలసినది. 1841లో అచ్చటికి చేరిన క్రైస్తవ మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లో నెలకొల్పిన పాఠశాలలో హిందూ బాలురు తరతరములుగ చదివిరి. క్రిస్మస్ అను మాట విని ఉలికిపడవలసిన పట్టణము కాదది. పీర్ల పండుగను పీర్ల పండుగయనియే అందుము. రంజానును రంజానే అందుము. సంక్రాంతిని 'శీతకాలపు వేడుక' యని ఎవరైన పిలిచిన ఊరకుందుమా?

పేరు మరుగుపడుటలోని బాధ యెట్టిదో దళిత క్రైస్తవుల నడుగవలెను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరించెను గాని, క్రైస్తవులకును ముస్లిములకును లభింపలేదు. అందుచేత ఆదివారము చర్చికి పోవు కుటుంబములు పెక్కు, బిడ్డల చదువు కొఱకు, ఉద్యోగము కొఱకు, తమ మతమును కాగితముపై వ్రాసికొన వెనుదీయుచున్నవి. ఏడాది పొడుగునను దాచుకొనవలసి వచ్చిన ఆ పేరు ఒక్కనాడు ఇంటికప్పు మీద దీపమై వెలుగుచుండగా, ఆ నాడును దానిని మన నోట మ్రింగివేసి, దానికి ఔదార్యమని పేరిడుట న్యాయమా?

అందఱకు కలిపి చెప్పవలసి వచ్చినచో క్రిస్మస్, నూతన సంవత్సర, సంక్రాంతి శుభాకాంక్షలని వరుసగ చెప్పుడు. మన కూడళ్ళలోని ఫ్లెక్సీలు ఆ పని చేయుచునే యున్నవి, వానిని నేను తప్పుపట్టను. అచ్చట ఎవరి పండుగ పేరు వారికి దక్కినది. పేరే లేని శుభాకాంక్ష ఎవరి గుమ్మమునకును చేరదు.

కావున చదువరులారా, ఈ డిసెంబరు 25వ తేదీని మీ వీధిలోని క్రైస్తవుని యింటికి పోయి, క్రిస్మస్ శుభాకాంక్షలని నోరార చెప్పి రండు.