పెరటి కోడికి సంఘమే కాపు

మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో కోడి కూయని పల్లె లేదు. వానలు తప్పి పంట పోయిన యేటను ఇల్లాలి చేతికి నాలుగు రూకలు తెచ్చునది పెరటి కోడియే. పిల్లల పుస్తకములకును, జ్వరము వచ్చిననాటి మందునకును, చుట్టము వచ్చిననాటి కూరకును అదియే ఆధారము. ఎద్దు మేత మానినచో మనము పశువైద్యునికై పరుగెత్తుదుము. కోళ్లు వరుసగా చచ్చినచో “ఈ యేటికి పోయినవి” అని ఊరకుందుము. ఈ ఉపేక్ష తగదని మా అభిప్రాయము.

పెరటి కోడికి మేపు భారము స్వల్పము. పగలంతయు పురుగులు, గడ్డి గింజలు, రాలిన వడ్లు ఏరుకొని తినును. సాయంకాలము గూటికి చేరువేళ కోడి ఒక్కింటికి 30 మొదలు 50 గ్రాముల వరకు నూకలు, జొన్నలు, మక్కలు, తవుడు కలిపి వేసిన చాలును. బూజు పట్టిన మక్కలు మాత్రము వేయరాదు. ఆ బూజు విషము కాలేయమును చెరచును. గ్రుడ్డు పెంకు గట్టిపడుటకు సున్నపురాతి నలుసులు గాని, ఆలిచిప్పల పొడి గాని కొంచెము పెట్టవలెను. ఎండకాలమున నీడపట్టున మట్టిమూకుడులో చల్లని నీరు ఎప్పుడును ఉండవలెను. పిల్లలకు చెదలు మంచి మేత. పేడయు గడ్డియు కూరిన పాతకుండను తడినేలపై బోర్లించి చెదలు పట్టు ఉపాయము మన పెద్దలెరిగినదే.

హైదరాబాదు చేరువ రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధనాలయము వనరాజా, గ్రామప్రియ అను జాతులను పెరటి పెంపకమునకై రూపొందించినది. అవి నాటుకోడికంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టునుగాని పొదుగుట అరుదు. కావున నాటుకోడిని విడువరాదు. పది పండ్రెండు గ్రుడ్లను ఇరువదియొక్క దినములు ఓర్పుతో పొదిగి పిల్లలను కాచునది అదియే. అయితే ఏ జాతి తెచ్చినను కొక్కెర తెగులు వచ్చినచో ఆ శ్రమ యంతయు వృథా.

కుమాయూను కొండలలోని రాణిఖేతు పట్టణము పేరున వైద్యులు పిలుచు తెగులు ఇదియే. పచ్చని పారుడు, ఎగశ్వాస, మెడ వంకర తిరుగుట దీని గుర్తులు. వచ్చిన పిమ్మట మందు లేదు. ముందుగా వేయు టీకా కలదు. అదే కుమాయూనులోని ముక్తేశ్వరమున, 1940వ దశకమునందే, పశువైద్య పరిశోధకులు ఈ తెగులునకు టీకా సిద్ధపరచిరి. పిల్లకు మొదటి వారమున కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క. ఎనిమిది వారములకు రెక్కక్రింద సూదిమందు. ఆ పిమ్మట ఆరు మాసములకొకసారి. ఇంత సులభమైన రక్ష యుండగా గంపలకు గంపలు కోళ్లు ఏల చచ్చుచున్నవి?

కారణము మందు సీసాలోనే యున్నది. ఒక సీసాలో సాధారణముగా నూరు కోళ్లకు సరిపడు మందుండును. దానిని మంచుగడ్డలలో పెట్టి తేవలెను. కలిపిన రెండు గంటలలోపల వాడవలెను. పది కోళ్లు గల ఇల్లాలు సీసా కొన్నచో తొమ్మిది పాళ్లు పారబోయవలెను. కావున ఆమె కొనదు. పది యిండ్లు కూడినచో ఒక చుక్కయు వ్యర్థము కాదు. పైగా తెగులునకు గోడ లేదు. ఒక యింట టీకా వేసి పొరుగింట మానినచో, ఆ పొరుగిల్లు తెగులునకు వాకిలియగును. ఒంటరిగా సాధింపరానిది పదిమంది కూడి సాధించుటయే గదా సహకారము!

కొందరు సభ్యులు “సంఘము అప్పులు, ఎరువులు, వడ్ల కొనుగోలు చూచుకొనవలెగాని కోళ్లతో నేమి పని?” అందురు. సంఘము చేతులలో పని చాలినంత ఉన్నమాట నిజమే. అయినను ఏటికి రెండు ఉదయములు, ఒక మంచుపెట్టె, మండల పశువైద్యశాలకు ముందుగా ఒక విన్నపము, ఇంతకంటె మేము కోరుటలేదు. ఎండలు ముదరకముందు ఒకసారియు, మరి ఆరు మాసములకు మరొకసారియు ఊరంతటికి ఒకే దినమున టీకా వేయింపవలెను. కోళ్లు గూటినుండి వెడలకముందే, తెల్లవారుజామున, ఈ పని జరుగవలెను.

ఇంకొక మాట. సంఘపు పుస్తకములో పేరు తరచు మగవానిది. కోళ్లు మాత్రము ఆడువారి సొమ్ము. ఈ విషయమై జరుగు సభకు వారిని పిలువక తీర్మానము చేసిన అది కాగితముపైననే నిలుచును. దినము నిర్ణయించుట వారికే విడువవలెను.

కడపట మన నడత. తెగులు తగిలిన కోడిని తొందరపడి అంగడిలో అమ్ముట మనలో కొందరికి అలవాటు. మేడారము జాతర సమయమున కోళ్లు ఊరూరికి చేతులు మారును. అప్పుడొక రోగపుకోడి ఎన్ని పల్లెలను ముంచునో ఎవరెరుగుదురు? అమ్మినవాని లాభము ఒక కోడి వెల. కొన్న ఊరి నష్టము గూళ్లన్నియు. చచ్చిన కోడిని వాగున వేయక సున్నము చల్లి లోతుగా పూడ్చవలెను. అంగడినుండి తెచ్చిన కోడిని రెండు వారములు వేరుగా కట్టవలెను.

సోదరులారా, వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ ఒక్క తీర్మానము ప్రతిపాదింపుడు. సంఘము మనదని చెప్పుకొనుట కాదు. మన యింటి పెరటివరకు అది నడచి రావలెను.