జనాభా లెక్క వేరు, ఓట్ల లెక్క వేరు

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ 'ముస్లిం ఓటు బ్యాంకు' అన్న మాట ప్రత్యక్షమవుతుంది. ఫలానా నియోజకవర్గంలో ముస్లింలు ఇంత శాతం, కనుక ఫలానా పార్టీకి ఇన్ని ఓట్లు అని కూర్చున్నచోటనే లెక్క కట్టేస్తారు. మన ఉర్దూ పత్రికలు పోలింగును 'రాయ్‌దహీ' అంటాయి, అంటే అభిప్రాయం తెలపడం. ఎవరి అభిప్రాయం వారిది. దాన్ని బ్యాంకులో జమ చేసిన సొమ్ముగా భావించడం పొరపాటు.

హైదరాబాదు జిల్లానే తీసుకుందాం. 2011 జనగణన ప్రకారం తెలంగాణ ప్రాంతంలో ముస్లింలు 12.7 శాతం, ఈ జిల్లాలో 43 శాతానికి పైనే. 2023 శాసనసభ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తం మీద కాంగ్రెసుకు 64 స్థానాలు వచ్చాయి. ఈ జిల్లాలోని 15 స్థానాల్లో ఒక్కటీ రాలేదు. మజ్లిస్‌కు 7, బి.ఆర్.ఎస్.కు 7, బి.జె.పి.కి 1 దక్కాయి.

పైపైన చూసేవారికి పాతబస్తీ అంతా ఒకే మాట మీద ఉన్నట్లు తోస్తుంది. కానీ యాకుత్‌పురాలో మజ్లిస్ గెలిచింది కేవలం 878 ఓట్ల తేడాతో! ఓడినది కూడా ఏ జాతీయ పార్టీయో కాదు, మజ్లిస్ బచావో తహ్రీక్. నాంపల్లిలో కాంగ్రెసు మీద మజ్లిస్ ఆధిక్యం 2,037 మాత్రమే. ఇది కొత్త సంగతి కాదు. మజ్లిస్ నుంచి చీలిన తహ్రీక్ 1994లో చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా గెలుచుకోగా, మజ్లిస్‌కు చార్మినార్ ఒక్కటే మిగిలింది. మొహల్లాలు అవే, మనుషులూ వారే.

జిల్లాల్లో పరిస్థితి మరో రకం. 2023లో మజ్లిస్ 9 స్థానాల్లోనే పోటీ చేసి, మిగతాచోట్ల బి.ఆర్.ఎస్.ను బలపరచమని కోరింది. నిజామాబాద్ అర్బన్‌లో కాంగ్రెసు తరఫున షబ్బీర్ అలీ నిలబడ్డారు. బి.జె.పి. గెలిచింది, ఆయన రెండో స్థానంలో, బి.ఆర్.ఎస్. మూడో స్థానంలో నిలిచాయి. ఓడిన ఇద్దరి ఓట్లు కలిపితే గెలిచిన అభ్యర్థి ఓట్లను మించిపోతాయి. వాటిలో ముస్లింల ఓట్లు ఎన్ని? ఓటు యంత్రంలో మతం గడి ఉండదు గనుక కచ్చితంగా ఎవరూ చెప్పలేరు.

అయితే మొహల్లా మొగ్గు ఎటో తెలుసుకునే మార్గం ఉంది. ప్రతి పోలింగు కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో ఫారం 20లో అచ్చవుతుంది. బ్యాలెట్ కాగితాల కాలంలో అనేక కేంద్రాల ఓట్లు కలిపి లెక్కించే వీలుండేది. యంత్రాల లెక్కనూ అలాగే కలిపే 'టోటలైజర్' కావాలని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించినా కేంద్రం ఒప్పుకోలేదు. ఏ గల్లీకి ముందు డ్రైనేజీ పైపు వేయాలో ఆ కాగితం చూసి తేల్చే నాయకుడు ఉండడని ఎవరు హామీ ఇవ్వగలరు?

వీటన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది పోలింగు శాతం. 2023లో రాష్ట్రంలో 71 శాతం దాటితే, యాకుత్‌పురాలో 40 శాతం కూడా కాలేదు. మూడు లక్షలకు పైగా ఓటర్లున్నచోట గెలిచిన అభ్యర్థికి పడినవి 46 వేల చిల్లర. అంటే నూటికి 16 మంది కూడా ఆయనను ఎన్నుకోలేదు. దీన్ని బద్ధకం అని తేల్చేయడం న్యాయం కాదు. గల్ఫులో ఉన్నవాడు ఓటు వేయాలంటే స్వయంగా ఇక్కడి పోలింగు కేంద్రానికి రావలసిందే. అద్దె ఇల్లు మారిన కుటుంబం పేరు పాత గల్లీలోనే ఉండిపోతుంది. 2024 లోక్‌సభ ఎన్నికలకు ముందు హైదరాబాదు జిల్లా జాబితాల నుంచి 5 లక్షలకు పైగా పేర్లు తొలగించారు. అత్యధికం నివాసం మారినవారివే. అలా తొలగిన వారిలో ఎందరు కొత్తచోట నమోదయ్యారన్నదే అసలు ప్రశ్న.

ముఖ్యంగా మన ఆడపిల్లల సంగతి. నికాహ్ అయి అత్తవారింటికి వెళ్లి ఏళ్లు గడిచినా పేరు పుట్టింటి జాబితాలోనే ఉంటుంది. నివాసం మారినవారు ఫారం 8, కొత్తగా చేరేవారు ఫారం 6 నింపి బూత్ స్థాయి అధికారికి ఇవ్వవచ్చు. దీనికి రుసుము లేదు.