సప్తమీ విభక్తి – సెల్‌ఫోను

పోయిన నెలలో ఒక మాట తప్పాను. నాతో కలిసి పనిచేసిన స్నేహితుడు తన జబ్బు సంగతి ఎవరికీ పొక్కనీయవద్దని కోరాడు; సరేనన్నాను. ఆయనకు తోడుగా గుండె ఆసుపత్రిలో మూడు గంటలు కూర్చున్నాను. ఇల్లు చేరకముందే అమెరికా నుంచి మావాడి ఫోను. "నాన్నగారూ, అంతసేపు ఆసుపత్రిలో ఎందుకున్నారు? నా దగ్గర ఏమైనా దాస్తున్నారా?" నా ఫోను ఎక్కడున్నదీ తనకు కనబడే ఏర్పాటు క్రిందటి సెలవుల్లో వాడే చేసి వెళ్ళాడు. వాడి కంగారు తీర్చడానికి ఉన్నమాట చెప్పక తప్పలేదు. రెండు రోజుల్లో అది స్నేహితుని కూతురిదాకా వెళ్ళింది.

ఉపగ్రహాలు మనల్ని కనిపెట్టి ఉంటాయని చాలామంది అనుకుంటారు. నిజానికి జీపీఎస్ ఉపగ్రహాలకు మన ఊసే తెలియదు. అవి తమ వేళనూ చోటునూ ప్రసారం చేస్తూ పోతాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందుకొని, అవి చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి ఫోనే తన ఉనికిని లెక్కగట్టుకుంటుంది. ఆ లెక్కను ఇంటర్నెట్టు ద్వారా ఇంకొకరికి అందించే అప్లికేషన్లతోనే చిక్కు. జీపీఎస్ ఆపినా, దగ్గరి సెల్ టవర్లనూ వైఫైలనూ బట్టి జాడ పట్టవచ్చు.

పంతులు బుద్ధి పోనిచ్చుకోలేక ఒకటి చెబుతాను. ఫోనుకు తెలిసినది సప్తమి ఒక్కటే: ఆసుపత్రి'యందు'. ఎవరి 'కొఱకు' అన్న చతుర్థి దానికి తెలియదు. కాని కంపెనీలు సప్తములను పోగుచేసి చతుర్థిని ఊహిస్తాయి. రాత్రుళ్ళు ఉండేది ఇల్లు, పగళ్ళు ఉండేది కొలువు, తరచు వెళ్ళేది గుడో వైద్యశాలో. సెట్టింగులలో వద్దన్నా పోగుచేస్తున్నదన్న ఆరోపణపై 2022లో గూగుల్ అమెరికాలోని 40 రాష్ట్రాలకు 39 కోట్ల డాలర్లకు పైగా చెల్లించడానికి ఒప్పుకున్నది.

బెయిలు పొందిన నిందితుడు గూగుల్ మ్యాపులో తన జాడ దర్యాప్తు అధికారికి కనబడేలా ఉంచాలన్న షరతును 2024 జులైలో మన సుప్రీంకోర్టు తొలగించింది. అతని ప్రతి కదలికనూ పోలీసులు కనిపెట్టి ఉండటం గోప్యత హక్కుకు భంగమన్నది. నిందితునికి దక్కిన ఆ పాటి మరుగు పింఛను పంతులుకు అక్కరలేదా, అడిగినవాడు కన్నకొడుకే అయినా?

దారి తెలియని చోట మ్యాపు చూస్తాను, ఆటో పిలవడానికి జాడ ఇస్తాను. పని కాగానే ఆపేస్తున్నాను. మావాడి ఏర్పాటును కూడా వాడితో చెప్పే తీసివేశాను. రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. ఇప్పుడు ఫోను చేసి, "ఎక్కడున్నారు నాన్నగారూ?" అని అడుగుతున్నాడు.