ట్యాంకు కట్టారు సరే, జాలీ ఎవరు చూస్తారు?

సొంతిల్లు కట్టుకునేవాళ్ల ప్లానుల్లో ఈ మధ్య ఒక కొత్త గీత కనిపిస్తోంది. డాబా మీది వాన నీటిని ఇంకుడు గుంతలోకి వదిలేయకుండా, ముందు ఒక ట్యాంకులో పట్టి, మరుగుదొడ్ల ఫ్లష్‌కూ పెరటి మొక్కలకూ వాడుకునే ఏర్పాటు అది. లెక్క చక్కగా కుదురుతుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే వంద లీటర్లు. వృథా పోయేది తీసేసినా, పది మిల్లీమీటర్ల వానకు ఎనిమిది వందల లీటర్ల దాకా పట్టుకోవచ్చు. మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలనే మన జాతీయ భవన నియమావళి లెక్కలో 45 లీటర్లు ఫ్లష్ వాటాయే. నలుగురున్న ఇంటికి 180 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకు ఒకసారి నిండితే దాదాపు నాలుగు వారాలు మరుగుదొడ్లకు మంచినీళ్లు ముట్టుకోనక్కర్లేదు. కృష్ణ నుంచీ గోదావరి నుంచీ వంద కిలోమీటర్లకు పైగా పంపు చేసి, శుద్ధి చేసి తెచ్చుకునే హైదరాబాదుకు ఇది చిన్న ఆదా కాదు.

కాబట్టి ఈ ట్యాంకులు పెరుగుతాయి, పెరగాలి కూడా. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో మొక్కలు తడిపినా, కార్లు కడిగినా ఐదు వేల రూపాయల జరిమానా అని ప్రకటించింది. మన నగరాలకూ ఆ రోజు దూరంగా లేదు. నా ఆందోళన అంతా ట్యాంకు కట్టిన తర్వాతి సంగతి గురించి. కట్టడం ఒక్కసారి పని. దానికి మేస్త్రి ఉంటాడు, ప్లంబరు ఉంటాడు, మునిసిపాలిటీ అనుమతి కాగితం ఉంటుంది. దాని కంతలు మూసి ఉంచడం ఏటేటా పని. దానికి ఎవరూ లేరు. నీటి సరఫరా, దోమల నివారణ రెండూ తెలిసినవాళ్లను భయపెట్టేది ఈ ఖాళీయే.

ఈ దారిలో మనకంటే ముందు నడిచిన నగరం ఒకటుంది. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇళ్ల పక్కన వాన నీటి ట్యాంకులు మామూలు. డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టై దోమా మామూలే, డెంగీ విజృంభణలూ మామూలే. కుళాయి నీళ్లు వచ్చి ట్యాంకులు తగ్గాయి. మిగిలినవాటికి జాలీలు బిగించమని నగరపాలక సంస్థ వెంటపడింది. ఇంటింటికీ తనిఖీలు జరిగాయి. శతాబ్దం సగానికొచ్చేసరికి ఆ దోమ ఆ నగరంలో లేకుండా పోయింది. తర్వాత 1990ల చివర్లో మొదలైన కరవు పదేళ్లు దాటి సాగింది. 2007లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం కొత్త ఇళ్లకు నీటి ఆదా నిబంధన పెట్టింది. ఐదు వేల లీటర్ల ట్యాంకు పెట్టి, దాన్ని మరుగుదొడ్లకూ వాషింగ్ మెషీన్‌కూ కలపడమే ఆ నిబంధన తీర్చే మామూలు దారి అయింది. 2013లో నిబంధన ఎత్తేశారు. ట్యాంకులు మాత్రం ఉండిపోయాయి.

2009లో అక్కడి శాస్త్రవేత్తలు ప్రచురించిన ఒక పరిశోధన ఈ విషయంలో అందరూ చదవదగ్గది. డెంగీ దోమ ఆస్ట్రేలియా దక్షిణాది నగరాలకు మళ్లీ పాకే ముప్పు ఎండలు ముదరడం వల్ల కన్నా, కరవుకు జడిసి జనం ఇళ్లలో నీళ్లు దాచుకోవడం వల్లే ఎక్కువని వాళ్లు తేల్చారు. అక్కడ ట్యాంకు కంతలన్నిటికీ ఒక మిల్లీమీటరు మించని సందుల లోహపు జాలీయో, దోమను ఆపే వాల్వో ఉండాలని చట్టమే చెబుతుంది. అలాంటి చోట కూడా ఏళ్లు గడిచేకొద్దీ జాలీలు చిరగడం, ఊడిపోవడం నిపుణులకు బెంగగానే ఉంది.

బ్రిస్బేన్ వాళ్ల భయం వెళ్లిన దోమ తిరిగొస్తుందేమోనని. మన ఊళ్ల నుంచి అది ఎన్నడూ వెళ్లలేదు. 2023లో దేశంలో నమోదైన డెంగీ కేసులే రెండున్నర లక్షలు దాటాయి. ఇది మురిక్కాలువ దోమ కాదు. కాస్త నీడపట్టున నిలిచిన శుభ్రమైన నీళ్లే దీనికి ఇష్టం. పగలే కుడుతుంది. సాధారణంగా పుట్టిన చోటి నుంచి రెండు వందల మీటర్లు దాటదు. అంటే మీ ట్యాంకులో పుట్టిన దోమ మీ ఇంటినీ మీ వీధినీ వదిలి పెద్దగా ఎక్కడికీ పోదు.

మన వానల తీరు దీనికి మరింత అనుకూలం. ఆడ ఈడిస్ గుడ్లను నీటిలో పెట్టదు, నీటి అంచుకు కాస్త పైన తడి గోడకు అంటిస్తుంది. నీళ్లు తగ్గి గోడ ఎండినా ఆ గుడ్లు చావవు, నెలల తరబడి అలాగే ఉంటాయి. నీళ్లు మళ్లీ ఆ ఎత్తుకు లేచినప్పుడు పొదుగుతాయి. తెలంగాణలో వాన చాలావరకు జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. ట్యాంకు అక్టోబరు దాకా నిండుగా ఉండి, వానలు ఆగాక క్రమంగా తగ్గుతూ కొన్ని వారాల్లో అడుగంటుతుంది. తగ్గిన ప్రతి అంగుళం దగ్గరా గోడకు గుడ్ల వరస మిగలొచ్చు. జూన్ తొలి వానలకు ట్యాంకు నిండుతుంటే, మీద మీద ఉన్న ఆ వరసలన్నీ ఒక్కొక్కటే తడుస్తాయి. అక్కడి నుంచి రెక్కల దోమ కావడానికి మన వేడిలో వారం, పది రోజులు చాలు.

వారానికోసారి నిలవ నీళ్లు పారబోయమంటూ శుక్రవారం డ్రై డే పేరుతో మనం చేసే ప్రచారం కూలరుకూ, పూలకుండీ పళ్లానికీ, పాత టైరుకూ పనికొస్తుంది. ఐదు వేల లీటర్ల ట్యాంకును వారం వారం ఎవరు పారబోస్తారు? పారబోయకూడదనే కదా దాన్ని కట్టింది! అందుకే ఇక్కడ జాలీకి ప్రత్యామ్నాయం లేదు.

ఆ జాలీ ఎక్కడెక్కడ ఉండాలో మన ప్లంబర్లలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. ట్యాంకులోకి నీళ్లు దిగే చోట ఆకులు ఆపే జల్లెడ పెడతారు. దాని కన్నాల్లోంచి దోమ హాయిగా దూరుతుంది. ఓవర్‌ఫ్లో పైపు చివర బోసిగా వదిలేస్తారు. దోమకు అదే సింహద్వారం. ప్లాస్టిక్ జాలీ కట్టినా మన ఎండలకు పెళుసై, వేలితో నొక్కితే చిట్లుతుంది. తొలి మురికి వానను పక్కకు మళ్లించే నిలువు పైపు అడుగున చిన్న కారుడు రంధ్రం లేకపోతే, వాన వెలిశాక అందులో నీళ్లు నిలిచి అదే ఒక చిన్న ట్యాంకవుతుంది. కింది ట్యాంకు నుంచి ఫ్లష్ కోసం డాబా మీద పెట్టే రెండో ట్యాంకు మూత గాలికి పక్కకు జరిగి ఉంటుంది. మూత తీసి టార్చి వేయండి. నీటి పైపొరకు తోక ఆనించి తలకిందులుగా వేలాడే సన్నటి లార్వాలు వెలుతురు పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు దిగిపోతాయి. అవి కనిపించాయంటే జాలీ ఎక్కడో ఓడిపోయినట్టే.

రెండో ముప్పు కంటికి కనపడదు. ఎండాకాలం ట్యాంకు ఖాళీ అయితే ఫ్లష్ ఆగకూడదు కాబట్టి, మునిసిపల్ కుళాయి లైనును తెచ్చి వాన నీటి ట్యాంకులో దించుతారు. పైపు చివర నీటిలో మునిగి ఉంటే చాలు, ప్రమాదం మొదలైనట్టే. మన ఊళ్లలో కుళాయి రోజంతా రాదు. సరఫరా ఆగి లైనులో ఒత్తిడి పడిపోయినప్పుడు, మునిగిన పైపు ట్యాంకు నీటిని వెనక్కి లాగుతుంది. పావురాల రెట్టా, డాబా దుమ్మూ కలిసిన ఆ నీరు మర్నాడు మీ సంపులోకో పక్కింటి బిందెలోకో చేరొచ్చు. నాన్‌రిటర్న్ వాల్వు ఉందిగా అంటారు. ఇసుక రేణువు ఇరుక్కుంటే వాల్వు సరిగా మూసుకోదు. మంచినీటి పైపు చివరకూ, ట్యాంకు నిండా నీళ్లున్నప్పటి మట్టానికీ మధ్య పైపు వ్యాసానికి రెట్టింపు ఖాళీ, కనీసం ఒక అంగుళం, వదలాలి. నీళ్లు గాల్లోంచి పడాలి. ఆ ఖాళీకి ఖర్చు లేదు, అరుగుదలా లేదు.

వాన నీటి పైపులకు వేరే రంగు వేసి, పెరటి కుళాయి మీద 'తాగరాదు' అని రాయడం కూడా అంతే ముఖ్యం. ఇల్లు చేతులు మారాక, అద్దెకొచ్చిన వాళ్లకు ఏ పైపు ఏదో గోడ చెప్పాలి తప్ప పాత యజమాని చెప్పడు.

ఈ జాగ్రత్తలన్నిటికీ కొత్త చట్టం అక్కర్లేదు, ఒక తేదీ కావాలి. ఏటా మే ఆఖరి వారంలో ట్యాంకు అడుగంటి ఉన్నప్పుడు లోపలి గోడలను బ్రష్షుతో గట్టిగా రుద్ది కడగాలి, జాలీలు మార్చాలి, కుళాయి పైపు ఖాళీ కొలవాలి. గట్టిగా పట్టుకుంటే ఒక పూట పని. వాన నీటి ట్యాంకు పెట్టినవాళ్లకు ఆస్తి పన్నులో రాయితీ ఇవ్వాలనుకునే పురపాలక సంఘాలు ట్యాంకు ఫొటో చూసి ఒక్కసారి ఇచ్చి ఊరుకోకూడదు. ఆ వారంలో మనిషిని పంపి, జాలీ చూసి, ఏ ఏటికి ఆ ఏడు ఇవ్వాలి.