రావిచెట్టు దాటాక రేషన్ షాపు

మనవాళ్లకు దారి చెప్పడం రాదట. రావిచెట్టు, రేషన్ షాపు, పాత సినిమా హాలు అంటూ చెప్పడం చదువులేనితనమట. ఫోన్‌కి అక్షాంశం, రేఖాంశం తెలుసు కాబట్టి ఊరు నిజంగా తెలిసింది దానికేనట. ఈ మాట చదువుకున్నవాళ్ల నోటే ఎక్కువగా వింటున్నాను. ఇది తప్పు.

ఒప్పుకోవాల్సింది ముందే ఒప్పుకుంటాను. మన బుర్రలోని పటం వంకరదే. విజయవాడ, చెన్నైలలో ఏది తూర్పున ఉందో ఎవరినైనా అడగండి. సముద్రం ఒడ్డున ఉంది కదా, చెన్నై అంటారు. కాదు, విజయవాడే. చెన్నై రేఖాంశం 80.27 డిగ్రీలు, విజయవాడది 80.6 పైచిలుకు. 1978లో స్టీవెన్స్, కూప్ అనే పరిశోధకులు అమెరికాలో ఇలాంటి తప్పునే పట్టుకున్నారు. నెవాడాలోని రీనో, కాలిఫోర్నియాలోని శాన్‌డియాగోకు తూర్పున ఉందనుకుంటారు జనం. ఉన్నది పడమర. కాలిఫోర్నియా పడమటి రాష్ట్రం గనక దాని ఊళ్లన్నీ పడమరే అన్న లెక్క. బుర్ర ఊరిని రాష్ట్రంలో, రాష్ట్రాన్ని దేశంలో సర్ది దాచుకుంటుంది. ఒక్కో ఊరికీ విడిగా కొలత రాసిపెట్టుకోదు. అలా సర్దుకోబట్టే ఇన్ని ఊళ్లు గుర్తుంటున్నాయి, అప్పుడప్పుడూ తప్పులూ పడుతున్నాయి.

ఇక కంప్యూటర్ గొప్ప చూద్దాం. దారి వెతికేటప్పుడు అది కూడళ్లను చుక్కలుగా, రోడ్లను గీతలుగా పెట్టుకుని, ఒక్కో గీతకు దూరమో సమయమో తగిలించి, తక్కువ మొత్తం వచ్చే వరస వెతుకుతుంది. డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతి ఇదే. దానికి అక్షాంశ రేఖాంశాలతో పనే లేదు. దేని తర్వాత ఏది వస్తుందో, మధ్యలో ఎంత దూరమో తెలిస్తే చాలు. "రావిచెట్టు దాటాక రేషన్ షాపు, దాని పక్క సందు" అన్న పెద్దాయన చెప్పిందీ అదేగా!

కోటిపల్లి రేవులో నిలబడితే సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. గోదావరి పాయ గౌతమికి అవతల ముక్తేశ్వరం. పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే దగ్గరే, ఏరు దాటించే పంటు నడుస్తున్నంతకాలం నిజంగానే దగ్గర. వరదొచ్చి పంటు ఆగిందా, అదే ఊరికి యానాం–ఎదుర్లంక వంతెన మీంచో, రావులపాలెం మీంచో చుట్టూ తిరిగి పోవాలి. ఊళ్లు అంగుళం కదల్లేదు, అయినా దూరమైపోయాయి. ఇవాళ పంటు ఉందో లేదో రేవులో టీకొట్టాయన కళ్లతో చూసి చెబుతాడు. కంప్యూటర్‌కి ఎవరో ఒకరు చెప్పాలి.

ఇదంతా నా చాదస్తమనుకునేరు. మామూలు జనం నేల గురించి ఆలోచించే తీరును శ్రద్ధగా పరిశీలించి, పటాల సాఫ్ట్‌వేర్‌ను దానికి తగ్గట్టు కట్టాలని ఎగెన్‌హోఫర్, మార్క్ అనే ఆ రంగం పండితులే 1995లో వ్యాసం రాశారు.

మా ఇంటి సంగతీ చెప్పాలి. యాప్‌లో పిన్ను సరిగ్గా మా డాబా మీదే పడుతుంది. కానీ ఆ పిన్నుకు అతి దగ్గర రోడ్డు వెనకవీధి, కాబట్టి అక్కడికే పంపిస్తుంది. మధ్యలో ఎనిమిదడుగుల గోడ. పార్శిల్ తెచ్చిన కుర్రాడు గోడవతల నిలబడి, "లొకేషన్‌కి వచ్చేశాను సార్, మీరెక్కడున్నారు?" అన్నాడు. "ఇస్త్రీ బండి ఎదురు సందులోకి రా బాబూ" అన్నాను. మూడు నిమిషాల్లో గుమ్మంలో ఉన్నాడు. మొన్న మళ్లీ వచ్చినప్పుడు చూశాను, అతని ఫోన్‌లో నా నంబరు "ఇస్త్రీబండి సందు" అని ఉంది.