సోఫాకి మ్యాచ్ అయ్యే బొమ్మలు

మా బాబాయ్ హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్ కొన్నాడు. "కథలు, కళలు అని తిరుగుతుంటవ్ కదరా, ఇంటికి మంచి బొమ్మలు చూసిపెట్టు. ఏడాదికి రెండు మూడు కొందాం" అన్నాడు. అలా థర్డ్ ఇయర్‌లోనే నాకో క్లయింట్ దొరికాడు. ఫీజు: ఒక బిర్యానీ.

మొదట నాకు నచ్చినవన్నీ ఫోన్‌లో చూపించాను. తోట వైకుంఠం గారి తెలంగాణ స్త్రీలు, లక్ష్మా గౌడ్ గారి ఎచింగ్‌లు... చిన్నమ్మ "సోఫా రంగుకు కలవవు" అంది. బాబాయ్ తలూపాడు. నాకు ఒళ్లు మండింది. కానీ తప్పు నాదే. ఆయన గోడకి నా ఇష్టాన్ని వేలాడదీయబోయాను.

తర్వాత ఒక ఆదివారం చేర్యాల వెళ్లాం. ఖద్దరు గుడ్డకి చింతగింజల జిగురు, సుద్ద పూసి, ఆరాక ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు వేస్తారు. అక్కడి చిత్రకారుడు మార్కండేయ పురాణం పటం విప్పాడు. పూర్వం కూనపులి వాళ్లు ఇలాంటి పటాలు పట్టుకుని పద్మశాలీల వాడల్లో కథ చెప్పేవారట. మాదీ మగ్గం నేసిన ఇల్లే. బాబాయ్ చాలాసేపు మాట్లాడలేదు. "చిన్నప్పుడు మా వాడకు వచ్చేటోళ్లురా" అన్నాడు చివరికి. సోఫా మాటే ఎత్తలేదు.

ధర చెప్పగానే మాత్రం "సగానికి ఇస్తవా?" అన్నాడు.

పక్కకి పిలిచి అడిగాను: "బాబాయ్, తాత నేసిన చీరను షావుకారు సగానికి అడిగితే ఎట్లుండేది?"

బాబాయ్ చెప్పిన ధరే ఇచ్చాడు.

నా అభిప్రాయం ఇదీ. ఒకరి కలెక్షన్‌కి సాయం చేయడమంటే వాళ్ల తరఫున మనం ఎంచడం కాదు. వాళ్లని చూడనివ్వాలి, ఏ బొమ్మ దగ్గర ఆగారో గమనించాలి. వేసినవాళ్ల పేరు, తేదీ, ధర రాసిపెట్టాలి. వేసినవాళ్ల కష్టం దగ్గర బేరం ఆపించాలి.

కలెక్షన్ అంటే సాలార్‌జంగ్ నవాబుల పని అనుకుంటాం. ఆ మ్యూజియంలో చాలా భాగం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ అనే ఒక్క మనిషి ఇష్టపడి సేకరించినదే. మనకి అంత డబ్బు లేదు, నిజమే. ఇష్టానికేం తక్కువ? రేపు ప్లేస్‌మెంట్ వచ్చాక మొదటి జీతంలో ఒక చిన్న పటం కొనండి. పేరు అడిగి మరీ కొనండి.

అన్నట్టు, పటం ఇప్పుడు సోఫా పైనే ఉంది. రంగులు అస్సలు కలవలేదు. చిన్నమ్మ సోఫా కవర్లు మార్చింది.