నవనగరమున మిశ్ర సంగీతము

హైదరాబాదునకు పడమట మాదాపూరు మొదలు ప్రగతి నగర్ వఱకు, ఐటీ కొలువులను నమ్ముకొని వెలసిన నవనగరమున, జాజ్ సంగీతమును, ఎలెక్ట్రానిక్ యంత్రనాదమును, మన రాగములను కలగలిపి వాయించు బృందములన్న యువజనులకు మక్కువ మెండు. ఇది సంగీతమునకు చేటని పెద్దలు కొందఱందురు. పాతదానిని పట్టుకొని వ్రేలాడుట యేలయని యువకులు కొందఱందురు. ఈ యుభయులును పాలకొల్లు వంక నొకసారి చూడవలెనని మా మనవి.

1969లో అచ్చట జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ గారు చేపట్టిన మాండొలిన్ ఇటలీ దేశపు వాద్యము. జంట తీగలకు మారుగా అయిదు ఒంటి తీగలు కట్టి, విద్యుచ్ఛక్తి తోడు చేసికొని, ఆయన దానిచే గమకము పలికించిరి. 1978లో గుడివాడ త్యాగరాజోత్సవమున కచేరి చేసిన ఆ బాలుడు, 1983లో 14 ఏండ్ల ప్రాయమున బెర్లిన్ జాజ్ ఉత్సవమున వాయించెను. 1995లో మైకేల్ బ్రూక్ గారితో కూడి ‘డ్రీమ్’ అను మిశ్ర సంగీతపు రికార్డు వెలువరించెను. పిదప జాన్ మెక్లాఫ్లిన్ గారి ‘రిమెంబర్ శక్తి’ బృందమున చేరెను. అయినను ఆయన రాగము చెడలేదు.

కారణమేమి? ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు మాండొలిన్ వాదకులు కారు. వారు పాడుచుండగా శిష్యుడు వాయించెడివాడు. అనగా ఆయన నేర్చినది గాత్రము. వాద్యము దానికి వాహనము మాత్రమే. పరదేశపుదని వయొలిన్‌ను మన పూర్వులు గడప నుండియే త్రిప్పి పంపి యుండినచో, ద్వారము వేంకటస్వామి నాయుడు గారి వలన విజయనగరమునకు గలిగిన కీర్తి యెక్కడిది? కావున కలయికకు వెఱవ నక్కఱలేదు. శ్రుతిజ్ఞానము లేని కలయికకే వెఱవవలెను.

వేసవి సంగీతోత్సవము తెలుగువారికి క్రొత్త కాదు. రైతులును వర్తకులును చందాలు వేసికొని శ్రీరామనవమి పందిళ్లలో కచేరీలు, హరికథలు నడిపించిరి. నవనగరమున ఆ భారము వహింపగలవారు కంపెనీలవారు. శిల్పారామము వంటి ఆరుబయలు వేదికయు సమీపముననే యున్నది. బృందములను పిలువుడు, దీపములు, యంత్రములు అమర్చుడు, మాకు ఆక్షేపణ లేదు. కాని ఉత్సవ వ్యయమున పదియవ వంతైనను ఆ పేటలలో పిల్లలకు స్వరములు నేర్పు గురువుల జీతములకు కేటాయింపుడు. నారు పోయక కొడవలి నూఱిన రైతునకు పంట రాదు. ఈ వేసవికే సంస్థలవారును, నగరపు పెద్దలును ఇందులకు పూనుకొందురు గాక.